పఫ్ స్ప్రే పనికి రేటు కట్టడం ఎలా: అడుగు లెక్క కాదు, రోజు లెక్క

శ్రీకాకుళం, విజయనగరం వైపు రేకుల షెడ్లకి పఫ్ స్ప్రే (వేడి ఆపడానికి గన్‌తో కొట్టే పాలీయురేథేన్ ఫోమ్) కొట్టే పనులు బాగానే తగులుతున్నాయి, తగలనిది లాభమొక్కటే. ఫోన్ చేసినోళ్ళ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "అడుగు ఎంతకి సేస్తారు బాబూ?" మనోళ్ళు కూడా షెడ్డు ఎక్కడుంది, ఎత్తెంత, రేకు ఏ రకం అని ఒక్క మాట అడక్కుండా వైజాగ్ పార్టీ చదరపు అడుగు 75 రూపాయలు చెప్పిందంట కదా అని 72 అనేసి పని పట్టేస్తారు. పని నడుస్తున్నన్నాళ్ళు చేతిలో డబ్బులు ఆడతాయి, ఏడాది తిరిగేసరికి మెషిన్ ఈఎంఐకి చేబదుళ్ళు. ఈ పనిలో డబ్బు పోయేది రెండు దారుల్లో, ఒకటి కెమికల్, రెండోది రోజులు. కెమికల్ లెక్క అందరూ ఎంతోకొంత వేస్తారు, రోజుల లెక్క మాత్రం వేసేవాళ్ళు తక్కువ. అడుగు రేటనేది అన్ని లెక్కలూ అయ్యాక కస్టమర్‌కి చెప్పడానికి తీసే అంకె, దాంతో మొదలెడితే మునిగినట్టే.

ముందే చెప్తున్నా, కింద వేసిన రేట్లన్నీ లెక్క చూపించడానికి అనుకున్నవి. కెమికల్ రేటు మారుతూనే ఉంటది, కూలి రాజాంలో ఒకటి ఇచ్ఛాపురంలో ఇంకొకటి. మీ అంకెలు మీరు పెట్టుకోండి, వేసే పద్ధతి ఇది.

కెమికల్‌తో మొదలెడదాం. రెండు డ్రమ్ములు, ఒకటి ఐసోసైనేట్, ఇంకోటి పాలియాల్, మెషిన్ రెండింటినీ వేడి చేసి ఒకటికి ఒకటి చొప్పున గన్ దగ్గర కలుపుద్ది. ఒకటికి ఒకటి అంటే లీటర్లలో, కేజీల్లో కాదు, ఐసోసైనేట్ కొంచెం బరువు కాబట్టి కేజీల్లో చూస్తే అదే కాస్త ఎక్కువ పోద్ది, ఆర్డర్ పెట్టేటప్పుడు ఇది గుర్తుండాలి. రేకులకి కొట్టేది క్లోజ్డ్ సెల్ ఫోమ్ (లోపలి బుడగలు మూసుకుని గట్టిగా ఉండేది), కొట్టాక ఘనపు మీటరుకి 40 నించి 45 కేజీల బరువు ఉండాలని మన దగ్గర టెండర్లలో మామూలుగా రాస్తారు, నేను 42 వేస్తా. ఒక చదరపు మీటరు, 40 ఎంఎం మందం, అంటే 0.04 ఘనపు మీటరు, దాన్ని 42తో గుణిస్తే 1.68 కేజీలు. అడుగుల్లోకి తెస్తే చదరపు అడుగుకి సుమారు 156 గ్రాములు. వేస్టేజీ 12 శాతం కలిపితే 175 గ్రాములు. కేజీ 220 అనుకుంటే అడుగుకి ముప్ఫై ఎనిమిదిన్నర రూపాయలు కెమికలే.

ఇక్కడ ఇద్దరు దెబ్బతింటారు. ఒకళ్ళు సప్లయర్ ఇచ్చిన కాగితంలో ఉన్న ఫ్రీ రైజ్ డెన్సిటీ తీసుకుని లెక్కేసేవాళ్ళు, అది గ్లాసులో పోసి పొంగించినప్పటి బరువు, రేకు మీద పొరలు పొరలుగా కొడితే ప్రతి పొరకీ పైన గట్టి తోలు కడుద్ది, అసలు బరువు ఎక్కువే వస్తది. రెండోవాళ్ళు యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి బోర్డ్ ఫుట్ లెక్కలు పట్టుకొచ్చేవాళ్ళు. బోర్డ్ ఫుట్ అంటే అడుగు బై అడుగు, అంగుళం మందం, దాంతో ఇబ్బంది లేదు. వాళ్ళు ఇళ్ళ గోడల్లో తరచూ కొట్టేది ఓపెన్ సెల్ (బుడగలు తెరుచుకుని మెత్తగా ఉండేది), అది ఘనపు మీటరుకి 8 కేజీలే, మనం కొట్టేది దానికి ఐదు రెట్ల బరువు. వాళ్ళ ఒక సెట్టు డ్రమ్ములకి వచ్చే ఏరియా చూసి ఇక్కడ రేటు చెప్పారంటే ఇంటిమీదకి తెచ్చుకున్నట్టే.

ఇప్పుడు ఏరియా. ఓనర్ చెప్పే ఏరియా ఎప్పుడూ నేల ఏరియా. "అరవై బై వంద, ఆరు వేల అడుగులు" అంటాడు, నిజమే, నేల ఆరు వేలే. మనం కొట్టేది నేలకి కాదుగా. పైన వాలు ఉంటది, రేకుకి మడతలు ఉంటాయి. కలర్ రేకు అయినా సిమెంటు రేకు అయినా ఒక పురికొస ముక్క తీసుకుని రేకు అంచు దగ్గర గుంటలోకి దింపుతూ గట్టు మీదకి ఎక్కిస్తూ మీటరు వెడల్పు వరకు వేలితో నొక్కుకుంటూ పరవండి, తర్వాత ఆ పురికొసని తిన్నగా లాగి టేపు పెట్టండి. మీటరు వెడల్పుకి 1.15 మీటర్లు, లోతు మడతల రేకైతే 1.2 కూడా తేలుద్ది. వాలుకి ఇంకో మూడు నాలుగు శాతం. మొత్తం మీద ఆరు వేల అడుగుల షెడ్డు కాస్తా కొట్టడానికి ఏడు వేల రెండొందలు అవుద్ది. ఈ పన్నెండు వందల అడుగుల కెమికల్ ఎవరిస్తారు? కొలవకుండా రేటు చెప్పినోడే ఇచ్చుకోవాలి. అందుకే ఫోన్లో రేటు చెప్పొద్దు, కావాలంటే "చూసి చెప్తానండీ, మీ షెడ్డుకి ఇంత నించి ఇంత మధ్యలో పడొచ్చు" అని ఊరుకోండి. చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ పురికొస కొలత ఓనర్ కళ్ళముందే వేసి చూపించండి, తర్వాత బిల్లు దగ్గర పేచీ రాదు.

వేస్టేజీ 12 అని వేశాం గానీ అది గన్‌మేన్ (గన్ పట్టుకుని ఫోమ్ కొట్టేవాడు) చేతిలో ఉంటది. 40 ఎంఎం అని ఒప్పుకున్నాక మనోడు చెయ్యి ఉదారంగా తిప్పి 48 వేశాడనుకోండి, ఎనిమిది ఎంఎం ఎవరికి కనపడుద్ది? ఎవరికీ కనపడదు, కానీ 20 శాతం కెమికల్ ఎక్కువ పోయింది. పాత సైకిల్ చువ్వ ఒకటి తీసుకుని మొన నించి 40 ఎంఎం దగ్గర ఎర్ర టేపు చుట్టి హెల్పర్ చేతికి ఇవ్వండి, గన్‌మేన్ వెనకే నడుస్తూ రెండడుగులకోసారి గుచ్చుతూ పోవాలి, టేపు మునిగితే ఎక్కువైనట్టు, టేపుకీ ఫోమ్‌కీ మధ్య చువ్వ కనపడితే తక్కువైనట్టు. ఇది పది రూపాయల పనిముట్టు, ఒక్కో షెడ్డు మీద వేలల్లో మిగులుస్తది. తక్కువ మందం కూడా ప్రమాదమే, ఫార్మా కంపెనీల వాళ్ళయితే వాళ్ళ సైట్ ఇంజినీర్ అలాంటిదే ఇంకో చువ్వ పట్టుకుని తిరుగుతాడు, వంకలు పెడితే మళ్ళీ పరంజా కట్టాలి. ఇంకోటి, మందం తొందరగా వచ్చేస్తదని ఒకే పట్టున దిట్టంగా కొట్టనివ్వొద్దు. ఫోమ్ పొంగేటప్పుడు వేడి పుడుద్ది, మందంగా కొడితే ఆ వేడి బయటికి పోలేక లోపల మాడి ఎర్రబడుద్ది, పగుళ్ళొస్తాయి, మరీ ఎక్కువైతే పొగ, మంట దాకా వెళ్ళుద్ది. రెండు మూడు పొరలుగా, మధ్యలో ఆరనిస్తూ కొట్టాలి.

బరువు సరిగ్గా వస్తోందా అనేది కూడా సైట్‌లోనే చూసుకోవచ్చు. పది సెంటీమీటర్లు బై పది, మందం నాలుగు సెంటీమీటర్లు ఉండేలా ఒక ముక్క కోసి నగల షాపు కాటా లాంటి చిన్న డిజిటల్ కాటా మీద పెడితే 16 నించి 18 గ్రాముల మధ్య చూపించాలి. 21 చూపిస్తే మీ డబ్బు రేకుకి అతుక్కుపోతోందని అర్థం, కెమికల్ సరిగ్గా వేడెక్కకపోవడమో రేకు చల్లగా ఉండడమో అయి ఉంటది. 13 చూపిస్తే రేపు కస్టమర్ ఫోన్ చేస్తాడు.

ఇక అసలు విషయం, రోజులు.

సొంత మెషిన్ ఉన్నవాడికి పని ఉన్నా లేకపోయినా నెలనెలా పోయే ఖర్చు ఉంటది. మెషిన్ ఈఎంఐ, అరుగుదల కలిపి 45,000 అనుకుందాం, గన్‌మేన్ జీతం 35,000 (గన్‌మేన్‌ని రోజు కూలికి పెట్టుకుంటే సీజన్‌లో పక్కోడు ఎగరేసుకుపోతాడు), గోడౌను అద్దె 10,000, అకౌంటెంటు, ఫోన్లు, ఇన్సూరెన్సు, తిరుగుడు 15,000, మీ జీతం 40,000. మీ జీతం వేసుకోవాలి, లాభం వేరు జీతం వేరు, మీరు ఇంకోడి దగ్గర సూపర్‌వైజర్‌గా చేస్తే ఇచ్చేది కదా అది. మొత్తం నెలకి 1,45,000, ఏడాదికి 17,40,000.

దీన్ని ఎన్ని రోజులతో భాగించాలి? చాలామంది మూడొందల రోజులతో భాగించి రోజుకి 5,800 అనుకుంటారు. గన్ నిజంగా నడిచే రోజులు మూడొందలు ఎక్కడివి? జూన్ నించి సెప్టెంబరు దాకా వానలు, ఆ తర్వాత అక్టోబరు, నవంబరు మనకి తుఫాన్ల కాలం, 2014లో హుద్‌హుద్ అక్టోబరులోనే, 2018లో తిత్లీ అక్టోబరులోనే పలాస దగ్గర తీరం దాటింది. తుఫాను రాకపోయినా వస్తదేమో అని ఆగిన రోజులు లెక్కలోకి రావా? సంక్రాంతికి కుర్రాళ్ళు ఊళ్ళకి పోతారు, విజయనగరం వాళ్ళకి పైడితల్లమ్మ సిరిమాను ఉంది, పెళ్ళిళ్ళ సీజన్‌లో హెల్పర్లు దొరకరు. ఇవన్నీ పోను ఏడాదికి 130 రోజులు గన్ నడిస్తే గొప్ప. 17,40,000ని 130తో భాగిస్తే రోజుకి దగ్గర దగ్గర 13,400. 5,800 అనుకున్నోడికీ 13,400 అనుకున్నోడికీ మధ్య ఉన్న తేడాయే ఏడాది చివర్లో చేబదులు.

దీనిమీద పని జరిగే రోజు ఖర్చు వేరే. ముగ్గురు హెల్పర్లకి 2,400, అందరికీ భోజనాలు, టీలు 1,000, జనరేటర్ డీజిల్ 2,000, మాస్కు కార్ట్రిడ్జిలు, ప్లాస్టిక్ షీట్లు, మాస్కింగ్ టేపు, గన్ స్పేర్లు 1,300, పరంజా అద్దె 1,500. రోజుకి 8,200. ఆ 13,400తో కలిపితే 21,600. ఈ అంకె ఒక కాగితం మీద రాసి బండి డాష్‌బోర్డు మీద అంటించుకోండి. సైట్‌లో ఒక రోజు ఖాళీగా పోయిందంటే డీజిల్ మిగిలినా ఇందులో చాలావరకు పోయినట్టే.

ఇప్పుడు పలాసలో జీడిపిక్కల గోడౌను ఒకటి వచ్చిందనుకుందాం, అదే అరవై బై వంద, మీరు శ్రీకాకుళంలో ఉన్నారు. కొట్టే ఏరియా 7,200 అడుగులు, 40 ఎంఎం. 1,125 కేజీలు, వేస్టేజీతో 1,260 కేజీలు.

కెమికల్ 1,260 కేజీలు, 220 చొప్పున: 2,77,200
రోజుకి 250 కేజీల చొప్పున కొట్టడానికి ఐదు రోజులు, సర్దుకోడానికి ఒకటి, మొత్తం ఆరు, 21,600 చొప్పున: 1,29,600
బండి, డ్రమ్ముల రవాణా: 12,000
కుర్రాళ్ళకి రూము: 6,000
మొత్తం: 4,24,800
అనుకోని ఖర్చులకి 5 శాతం కలిపి రౌండుగా: 4,46,000

దీనిమీద 20 శాతం లాభం కావాలి. ఇక్కడ చాలామంది 4,46,000 మీద 20 శాతం వేసి 5,35,200 అంటారు. అలా వేస్తే బిల్లులో లాభం 20 శాతం రాదు, పదహారున్నర చిల్లరే వస్తది, ఎందుకంటే మీరు వేసింది ఖర్చు మీద శాతం, మీరు అనుకున్నది బిల్లు మీద శాతం. బిల్లులో 20 శాతం మిగలాలంటే ఖర్చుని 0.80తో భాగించాలి, 5,57,500. తేడా 22,300, ఒక్క షెడ్డు మీద. అదేం పెద్ద లెక్క కాదు, ఫోన్ కాలిక్యులేటర్‌లో గుణకారం బదులు భాగహారం నొక్కడమే.

5,57,500ని కొట్టిన ఏరియాతో భాగిస్తే అడుగు 77 చిల్లర, నేల ఏరియాతో భాగిస్తే 93. ఓనర్ మనసులో ఉండేది నేల ఏరియా కాబట్టి ఏ ఏరియా మీద ఏ రేటో కొటేషన్‌లో స్పష్టంగా రాయండి. పక్కోడు 80 చెప్పాడని ఓనర్ అంటే అది ఏ ఏరియా మీద అని అడగండి, సగం గొడవలు అక్కడే తేలిపోతాయి. ఇందాక చెప్పిన ఎనిమిది ఎంఎం ఉదారం గుర్తుందా, ఈ పనిలో దాని ఖరీదు 55,000 పైన, అంటే మీకు మిగిలే 1,11,500లో సగం.

ఇప్పుడు ఇదే మనిషి వియ్యంకుడు ఆమదాలవలసలో ఉన్నాడు, మేడ మీద రేకుల గది, కొట్టే ఏరియా 900 అడుగులు, "మాకూ ఆ రేటుకే సేసీండి" అంటాడు. కెమికల్ 157 కేజీలు, 34,600. కొట్టడం ఒక పూట పనే, కానీ సామాను దించడం, మేడ మీదకి గొట్టాలు లాగడం, కిటికీలు, సామాన్లు ప్లాస్టిక్‌తో కప్పడం, మళ్ళీ సర్దడం, రెండు రోజులు పోతాయి, 43,200. బండి 3,000. ఐదు శాతం కలిపితే 84,800 ఖర్చే. చూడండి, కెమికల్ కంటే రోజుల ఖర్చు ఎక్కువైంది. 77 చొప్పున తీసుకుంటే వచ్చేది 69,300, అంటే పదిహేను వేలు మనం ఎదురిచ్చి కొట్టినట్టు. సరైన రేటు లక్షా ఆరు వేలు, అడుగు 118. ఇది చెప్తే ఓనర్ కళ్ళు తిరుగుతాయి, అందుకే అడుగు రేటు చెప్పొద్దు, చిన్న పనులకి "మినిమం ఛార్జీ ఇంత" అని మొత్తం చెప్పండి. లేదా అదే వీధిలో, అదే ఊళ్ళో ఇంకో రెండు పనులు కలిస్తే ఒకే ట్రిప్పులో చేస్తా, అప్పుడు తగ్గిస్తా అనండి, ఇది మాట వరసకి కాదు, నిజంగానే తగ్గించొచ్చు, రోజులు పంచుకుంటారు కాబట్టి. అలా కలవకపోతే వదిలేయడమే, చిన్న పని వదిలేస్తే పోయేదేం లేదు.

రోజుకి 250 కేజీలు అన్నాను గానీ అది ఎండాకాలం లెక్కో చలికాలం లెక్కో చూసుకోవాలి. మన వైపు సముద్రపు గాలి, తేమ ఎక్కువ. డిసెంబరు, జనవరిలో పొద్దున్నే రేకు కింద చెయ్యి పెట్టి చూడండి, తడి తగులుద్ది. ఐసోసైనేట్‌కి నీళ్ళు పడవు, తడి రేకు మీద కొడితే నీటితో కలిసి గ్యాసు పుట్టి బుడగలొస్తాయి, అప్పటికి అతుక్కున్నట్టే ఉండి నాలుగు నెలలకి పెచ్చులుగా ఊడుద్ది. తొమ్మిదిన్నర, పది అయ్యేదాకా గన్ ముట్టకూడదు. చలికి పాలియాల్ చిక్కబడి పంపు సరిగ్గా లాగదు, డ్రమ్ము హీటరు లేకుండా చలికాలం పని ఒప్పుకోవద్దు. మే నెలలో దీనికి తిరగబడుద్ది, మధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టలేం, ఫోమ్ తగిలీ తగలకముందే పొంగిపోయి పట్టు తప్పుద్ది, పైగా లోపల సూటు వేసుకున్నోడు కళ్ళు తిరిగి పడిపోతాడు. అప్పుడు ఆరింటికి మొదలెట్టి పదకొండుకి ఆపేయాలి. మధ్యాహ్నం నించి సముద్రం మీంచి గాలి మొదలైతే బయట కొట్టే పనులకి అదో తలనొప్పి, ఆ తుంపర కొట్టుకుపోయి పక్క వీధిలో కారు అద్దం మీద పడితే గోకినా రాదు, పాలిష్ ఖర్చు మనదే. పూసపాటిరేగ, భోగాపురం వైపు సముద్రం పక్కన రొయ్యల హేచరీలు ఉంటాయి, అక్కడ పని అయితే రోజుకి 250 కాదు, 180 కేజీలే లెక్క వేసి రోజులు పెంచుకోండి. ఆ రేకులకి తుప్పు కూడా ఉంటది, తుప్పు మీద కొడితే ఫోమ్ రేకుకి అతకదు, తుప్పుకి అతుకుద్ది, తుప్పు రాలితే ఫోమూ రాలుద్ది. గీకుడు, ప్రైమరు వేరే లైనుగా రేటు వేయండి, మొత్తం రేటులో కలిపేసి "అదీ సేసేత్తాం లెండి" అనొద్దు.

కొటేషన్‌లో ఏమేం మన పని కాదో రాయడం కూడా డబ్బే. రేకు పైన కొట్టిన ఫోమ్ ఎండకి పసుపు రంగు తిరిగి పొడిపొడిగా రాలుద్ది, పైన కోటింగు తప్పనిసరి, దాని రేటు వేరు. రేకు కింద కొట్టినప్పుడు ఇదీ రాయాలి, ఫోమ్ మంటని తట్టుకునేది కాదు, ఫైర్ రిటార్డెంట్ కలిపిన కెమికల్ అయినా కాలకుండా ఉండదు, మంట తొందరగా పాకకుండా ఆపుద్ది అంతే. జీడి ఫ్యాక్టరీల్లో బాయిలరు, బోర్మా (జీడిపప్పు ఆరబెట్టే వేడి గది) ఉన్న గదుల్లో వట్టి ఫోమ్ వదిలేయకూడదు, పైన మంట తట్టుకునే కోటింగో బోర్డో రావాలి, లేదా ఆ భాగం వదిలేయాలి. దీనికి ఓనర్ ఒప్పుకోకపోతే నేనైతే పని వదిలేస్తా. వాన నీరు కారే పాత రేకుకి కింద నించి ఫోమ్ కొట్టి లీకేజీ పోద్దని మాటివ్వొద్దు, నీరు ఫోమ్ వెనక చేరి ఇంకోచోట దిగుద్ది, ముందు రేకు, బోల్టులు బాగుచేయించుకోమనండి. అలాగే ఉద్దానం వైపు ప్రతి ఒక్కరూ అడిగేది, "ఫోము కొట్టితే తుఫానుకి రేకులు ఎగరవా?" అని. ఫోమ్ వేడి ఆపడానికి, రేకుని పట్టి ఉంచాల్సింది హుక్కులు, బోల్టులు, ఇనుప చట్రం. అమ్మకం కోసం ఔనని తలూపితే అక్టోబరులో గాలొచ్చాక మన ఇంటికే వస్తారు.

మాస్కుల ఖర్చు తగ్గించి రేటు తగ్గించేవాళ్ళు ఉన్నారు, వాళ్ళతో పోటీ పడొద్దు. ఐసోసైనేట్ ఆవిరి ఊపిరితిత్తులకి ఒకసారి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తది, ఆ మనిషి ఇక ఈ పని చేయలేడు. గుడ్డ కట్టుకుని కొట్టడం అస్సలు కుదరదు, మూసిన షెడ్డులో గన్‌మేన్‌కి బయట నించి గాలి అందించే మాస్కు ఉండాలి, కొట్టేటప్పుడూ ఆ తర్వాత ఒక రోజూ షెడ్డులో వేరే పనివాళ్ళు తిరక్కూడదు. ఆ రోజులన్నీ ఫ్యాక్టరీ ఆపాలని ముందే చెప్పండి, చెప్పకపోతే ఆదివారం ఒక్కరోజే గేటు తీస్తాం అంటారు, ఆరు రోజుల పని ఆరు వారాలవుద్ది.

డబ్బు వచ్చే తీరు గురించి. ప్రైవేటు ఓనర్ దగ్గర డ్రమ్ములు బయల్దేరకముందే సగం, మధ్యలో 40 శాతం, చివర్లో 10. సగం ఎందుకంటే కెమికల్ దాదాపు సగం బిల్లు, సప్లయర్ మనకి అప్పు ఇవ్వడు, ఇచ్చినా రేటులో వేస్తాడు. పైడిభీమవరం ఫార్మా వైపు, బొబ్బిలి గ్రోత్ సెంటర్ వైపు కంపెనీ పనులు దొరికితే పేరొస్తది, కానీ అడ్వాన్సు రాకపోవచ్చు, బిల్లు పెట్టాక రెండు మూడు నెలలు పట్టొచ్చు, 5 శాతం రిటెన్షన్ అని ఆపుతారు, సేఫ్టీ ట్రైనింగు, మెడికల్ సర్టిఫికెట్లు, గేటు పాసులకి ఒకటి రెండు రోజులు కుర్రాళ్ళు ఖాళీగా కూర్చుంటారు. ఆ రోజులు 21,600 చొప్పున లెక్కలో వేయండి. మూడు నెలలు ఆగే డబ్బుకి నూటికి రూపాయిన్నర వడ్డీ వేసుకున్నా 5,57,500 మీద పాతిక వేలు. అది వేయకుండా కంపెనీకీ గోడౌనుకీ ఒకే రేటు చెప్తే కంపెనీకి మనం అప్పు ఇచ్చినట్టు. కాంట్రాక్టు బిల్లు మీద వాళ్ళు టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు, సొంత పేరు మీద చేసేవాళ్ళకి 1 శాతం, ఫర్మ్ అయినా కంపెనీ అయినా 2, అది రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకునేదే గానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. జీఎస్టీ 18 శాతం ఎప్పుడూ రేటుకి అదనం అని రాయండి. సర్వీసులకి ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, ఇలాంటి గోడౌన్లు నాలుగు చేస్తే దాటిపోద్ది, కాబట్టి మొదట్నించే తీసుకోవడం మేలు, కెమికల్ మీద కట్టిన జీఎస్టీ సర్దుకోవచ్చు. "బిల్లు లేకుండా సేసీండి" అన్న ఓనర్ దగ్గర ఆ కట్టిన పన్ను మన జేబులోంచే పోద్దని మర్చిపోకండి.

కొటేషన్ గడువు పది రోజులు పెట్టండి, అంతకంటే ఎక్కువ వద్దు. ఐసోసైనేట్ ఎక్కువగా బయటి దేశాల నించి వచ్చేది, డాలరుతో పాటు కదులుద్ది. పాలియాల్‌లో పొంగడానికి కలిపే గ్యాసు కూడా మారుతూ వస్తోంది, పాత హెచ్‌సీఎఫ్‌సీ 141బీ ని ఓజోన్ పొర కోసం 2020 జనవరి నించి మన దేశంలో ఆపేశారు, ఇప్పుడు ఒక్కో సప్లయర్ ఒక్కో రకం కలుపుతాడు, ఒకడి డ్రమ్ముకీ ఇంకోడి డ్రమ్ముకీ పొంగు తేడా ఉంటది. సప్లయర్ మారితే ముందు ఒక రేకు ముక్క మీద కొట్టి, కోసి, కాటా మీద పెట్టి, అప్పుడు రేటు చెప్పండి. చౌకగా వచ్చిందని ఎక్కువ డ్రమ్ములు కొని వానాకాలం అంతా గోడౌనులో పెట్టొద్దు, పాలియాల్‌కి గడువు నెలల్లోనే ఉంటది, మూత సరిగ్గా పెట్టని ఐసోసైనేట్ తేమ తగిలి గడ్డకడుద్ది, అది మెషిన్ ఫిల్టర్లో ఇరుక్కుంటే ఇంకో రోజు గోవిందా.

బేరం దగ్గర చాలామంది జారిపోతారు. ఇక్కడ బేరం ఆడకపోతే ఓనర్‌కి తృప్తి ఉండదు, ఆడనివ్వండి, కానీ రేటు తగ్గించొద్దు, పని తగ్గించండి. గోడౌను మొత్తం కాకుండా మనుషులు కూర్చునే గ్రేడింగు హాలు వరకే కొడదామా, పడమటి వాలుకి 40, తూర్పు వాలుకి 30 వేద్దామా, పరంజా మీరే ఇస్తారా, కుర్రాళ్ళకి గది, భోజనం మీరే చూస్తారా, కరెంటు త్రీఫేజ్ మీ దగ్గర ఉందా. ఇలా అడిగితే తగ్గించిన ప్రతి రూపాయికీ మన ఖర్చు కూడా తగ్గుద్ది. ఊరికే ఐదు రూపాయలు తగ్గిస్తే ఈ పలాస పనిలో 36,000 పోయినట్టు, లాభంలో మూడో వంతు. అందుకే చివరికి తగ్గించడానికని ముందే పదిహేను కలిపి చెప్పేవాళ్ళూ ఉన్నారు, నాకది నచ్చదు, జీడి వ్యాపారులు ఒకరికొకరు రేట్లు చెప్పుకుంటారు, పదిహేను తగ్గాడని ఒకడికి తెలిస్తే మిగతావాళ్ళందరూ ఇరవై అడుగుతారు.

కొత్తగా దిగేవాళ్ళు మెషిన్ కొనకముందు ఒక సీజన్ బయటి క్రూతో కొట్టించుకోండి. కేజీకి ఇంతని గన్ ఛార్జీ తీసుకుని వచ్చి కొట్టే జట్లు ఉంటాయి, కెమికల్ మనం ఇస్తాం. లాభం తక్కువే వస్తది, కానీ ఆ 13,400లో మెషిన్, గన్‌మేన్ ఖర్చు మన నెత్తిన ఉండదు. ఏడాదికి గన్ నడిచే రోజులు అరవై దాటే దాకా సొంత మెషిన్ దండగ, ఎందుకంటే అదే 17,40,000ని 60తో భాగిస్తే రోజుకి 29,000, ఆ రేటు ఏ కస్టమరూ ఇవ్వడు. గ్రాకో లాంటి మంచి మెషిన్ కొనాలా చైనాది కొనాలా అంటే, స్పేర్లు ఎన్ని రోజుల్లో మీ చేతికి వస్తాయో అది అడిగి కొనండి. పలాసలో గన్ ఓ-రింగు పోయి హైదరాబాద్ నించి కొరియర్ వచ్చేదాకా కూర్చుంటే చౌక మెషిన్‌లో మిగిలింది అక్కడే కరిగిపోద్ది.

ప్రతి పనికీ ఒక కాగితం పెట్టండి, రోజూ సాయంత్రం రెండు డ్రమ్ముల్లోనూ కర్ర ముంచి ఎంత దిగిందో రాయాలి. రెండూ సమానంగా దిగాలి, ఒకటి వెనకబడితే ఫోమ్ తేడాగా వస్తున్నట్టే, ఐసోసైనేట్ ఎక్కువైతే పెళుసుగా ఉంటది, పాలియాల్ ఎక్కువైతే మెత్తగా జిగటగా ఉండిపోద్ది, ఆ రోజే పట్టుకుంటే గంటలో పోద్ది, పని అయ్యాక పట్టుకుంటే గీకి మళ్ళీ కొట్టాలి. పని ముగిశాక అనుకున్న కేజీలు, అయిన కేజీలు, అనుకున్న రోజులు, అయిన రోజులు పక్కపక్కన రాసుకోండి. పలాసలో 1,260 అనుకుంటే 1,340 అయిందనుకోండి, మీ వేస్టేజీ 12 కాదు, 19. తర్వాత నరసన్నపేటలోనో టెక్కలిలోనో ఇంకో షెడ్డు వస్తే కొటేషన్‌లో 19 వేసే రేటు కట్టండి, గన్‌మేన్ చెయ్యి దారికొచ్చేదాకా.